క్రియ కోసం ఆగే చెవి



ఇంటింటికీ టీవీ రాకముందు సంగతి ఇది. శ్రీరామనవమి నాడు మిట్టమధ్యాహ్నం, అభిజిత్ లగ్నం దగ్గరపడేసరికి మా వీధిలో రేడియోలన్నీ ఒకే గొంతుతో పలికేవి. అది సీతారాముల కల్యాణానికి వ్యాఖ్యానం చెప్పే ఉషశ్రీ గారి గొంతు. భద్రాచలంలోనే ఉండి కూడా, ఆ జనంలో నలగలేక మా అమ్మ కల్యాణాన్ని రేడియోలోనే చూసేది. పొరపాటున అనడం లేదు, 'చూసేది' అనే అంటున్నాను. ఆయన అన్న మాటలు ఉన్నవున్నట్టు నాకు గుర్తులేవు గానీ, వ్యాఖ్యానం నడక మాత్రం చెవిలో ఉండిపోయింది. నా మాటల్లో చెబితే అది ఇలా సాగేది: అర్చకస్వామి... పసుపుతాడుకు గుచ్చిన మంగళసూత్రాన్ని... రెండు చేతులా పైకెత్తి... నలుదిక్కులా ఉన్న భక్తులకు... చూపిస్తున్నారు. ఆ 'చూపిస్తున్నారు' వినబడేదాకా మా అమ్మ జోడించిన చేతులు దించేది కాదు.

అదే వాక్యం ఇంగ్లిషులో చెప్పి చూడండి. 'ద ప్రీస్ట్ ఈజ్ షోయింగ్' అనగానే జరిగే పనేమిటో తేలిపోయింది. ఏం చూపిస్తున్నాడు, ఎవరికి, ఎలా పట్టుకుని అన్నవన్నీ వెనక తీరిగ్గా వస్తాయి. మా అమ్మలాంటి శ్రోతకి అది, ఇంకా చేతులు జోడించకముందే సూత్రం కట్టేసినట్టుంటుంది.

నేను ముప్ఫై ఏళ్ల పైచిలుకు ఈ ఏజెన్సీ ఊళ్లలో పిల్లలకి ఇంగ్లిషు చెప్పి రిటైరయ్యాను. ఇంగ్లిషు మాటల వరసని చెవితో పట్టుకోవడం ఎలా అన్నదే ఇవాళ్టి ముచ్చట. ఇది చెప్పడానికి నాకున్న అర్హత ఒక్కటే. ఆ వరసని చాలా ఏళ్లు నేను తప్పుగా నేర్పాను.

మన నానుడి ఒకటుంది. ఊళ్లో ఏ పని జరిగినా 'దానికి కర్త, కర్మ, క్రియ అన్నీ ఆయనే' అంటాం. ఆ మూడు మాటల వరస గమనించారా? చేసేవాడు, చేయబడేది, ఆఖర్న పని. తెలుగు వాక్యం నడిచే తీరే ఆ నానుడిలోకి దిగింది. నేనేం చేసేవాణ్ణంటే, బోర్డు మీద మూడు గళ్లు గీసి 'సబ్జెక్ట్ ప్లస్ వెర్బ్ ప్లస్ ఆబ్జెక్ట్' అని రాసి, వందసార్లు వల్లె వేయించేవాణ్ణి. వల్లె బ్రహ్మాండంగా వచ్చేది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక పిల్లవాణ్ణి 'ఏరా, ఏం తిన్నావ్, ఇంగ్లిషులో చెప్పు' అంటే, 'ఐ రైస్ ఈట్ సార్' అనేవాడు. సూత్రం నోటికి వచ్చింది, వాక్యం రాలేదు. నేను మళ్లీ గళ్లు గీసేవాణ్ణి, ఈసారి రంగు సుద్దలతో.

వాడికి తెలివి లేక కాదు. అది నాకు సంతలో తెలిసింది. చర్ల వైపు గానీ, దుమ్ముగూడెం వైపు గానీ వారపు సంతకి వెళ్లినవాళ్లకి ఆ రొద ఎలా ఉంటుందో తెలుసు. చింతపండు గంప ముందు కూర్చున్నావిడ పక్కావిడతో కోయలో మాట్లాడుతుంది, షావుకారుతో తెలుగులో బేరమాడుతుంది. ఎదురుగా గాజులమ్మే లంబాడీ ఆమెతో ఆమె భాషలోనే రెండు మాటలు కలుపుతుంది. కుంట వైపు నుంచి వచ్చినవాళ్లతో అటు హిందీ కాని, ఇటు గోండీ కాని మాటేదో మాట్లాడుతుంది. నా దగ్గర ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి అలాంటి తల్లి పక్కన కూర్చుని, నాలుగు భాషల్లో చిల్లర లెక్క సరిచేస్తుంటే చూశాను. నా క్లాసులో ఆ పిల్ల ఇంగ్లిషులో ఒక్క వాక్యం సరిగ్గా చెప్పలేకపోయేది. బస్సెక్కి తిరిగొస్తూ దారిపొడుగునా దాని గురించే ఆలోచించాను.

నాకు తట్టింది ఇది. కోయ ద్రావిడ భాష, తెలుగుకి చుట్టం. లంబాడీ వేరే కుదురు, అది రాజస్థానీకి దగ్గర. హిందీ ఆ వైపుదే. కుదుళ్లు రెండైనా ఈ భాషలన్నిట్లో క్రియ వాక్యం చివరే ఉంటుంది. తెలుగులో 'బల్ల మీద' అన్నట్టే హిందీలో 'టేబుల్ పర్' అంటాం. 'మీద', 'పర్' రెండూ పేరు వెనకే వస్తాయి. అంటే ఈ అడవి అంచున పుట్టిన పిల్ల నాలుగు భాషలు నేర్చినా, క్రియ నడిమధ్యలో ఉండే భాష ఒక్కటీ ఆ చెవిన పడలేదు. మాటలు మార్చుకుంటే సరిపోయింది, వరస మార్చుకునే అవసరం రాలేదు. ఆ అవసరం మొదటిసారి తెచ్చింది ఇంగ్లిషు. మిగతా భాషలన్నీ సంతలో, దుకాణంలో, పెళ్లిళ్లలో వినగా వినగా వస్తే, ఇంగ్లిషుని మాత్రం మేం పుస్తకంలో చూపించాం. దేన్నైతే ఎక్కువ వినిపించాలో దాన్నే అసలు వినిపించలేదు.

వినడం తప్ప దారే లేని మనిషి ఒకాయన ఈ ప్రాంతంలోనే ఉండేవాడు. దుమ్ముగూడెంలో పాత ఆనకట్ట చూసే ఉంటారు. ఎగువ గోదావరిలో పడవలు నడిపించాలని ఆర్థర్ కాటన్ కన్న కల తాలూకు మిగులు అది. అక్కడ పనిచేసిన ఇంజనీరు హేగ్ చొరవతో చర్చి మిషనరీ సొసైటీ కోయల మధ్య మిషన్ పెట్టింది. 1870లలో జాన్ కెయిన్ అనే పాదరీ అక్కడికి వచ్చి చాలా ఏళ్లు ఉన్నాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి, కోయల ఆచారాల గురించి 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో రాశాడు. లూకా సువార్తని కోయలోకి తెచ్చాడు. అప్పటికి కోయకి లిపి లేదు. చదువుకుందామంటే పుస్తకం లేదు, గళ్లు గీసే మాస్టారూ లేడు. మనిషి పక్కన కూర్చుని వినాల్సిందే. మా పిల్లలకి ఎదురైన చిక్కే ఆయనకి తలకిందులుగా ఎదురై ఉంటుంది. పుట్టినప్పటి నుంచి క్రియని ముందే విన్న చెవికి, అది చివరిదాకా రాని భాష వినాల్సి వచ్చింది. ఇంకో తొంభై ఏళ్లకి అమెరికా నుంచి స్టీఫెన్ టైలర్ వచ్చి, గోదావరి ఒడ్డునుండే గొమ్ముకోయల మాట విని, దాని వ్యాకరణం రాశాడు. అది 1969లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రచురణగా వచ్చింది. బయటినుంచి వచ్చి మన అడవి భాషని చెవితో నేర్చుకున్నవాళ్లు వీళ్లు. ఈ అడవి పిల్లలకి బయటి భాష నేర్పేటప్పుడు ఆ దారి నాకు గుర్తురాలేదు.

ఇంగ్లిషుకి ఈ వరస పట్టుదల ఎందుకని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. భద్రాచలంలో దీనికి వేరే ఉదాహరణ వెతకక్కర్లేదు. 'రాముడు రావణుణ్ణి చంపాడు.' తిప్పి చెప్పండి: 'రావణుణ్ణి రాముడు చంపాడు.' ఇంకా తిప్పండి: 'చంపాడు రాముడు రావణుణ్ణి.' ఎన్నిసార్లు తిప్పినా రాముడికి ఏమీ కాదు. ఆ 'ణ్ణి' రావణుణ్ణి వదలదు. ఇంగ్లిషులో 'రామా కిల్డ్ రావణా' అన్నదాన్ని ఒక్కసారి అటుదిటు చేస్తే 'రావణా కిల్డ్ రామా' అవుతుంది. కథే తిరగబడింది. గుడి కట్టించిన కంచర్ల గోపన్నకి పనే లేకుండా పోతుంది. క్లాసులో ఇది చెప్పినప్పుడు పిల్లలు గొల్లుమన్నారు. ఆ రోజు తర్వాత ఆ తరగతిలో ఎవరూ వరస ఎందుకు అని అడగలేదు.

ఇంగ్లిషుకి మొదట్నుంచీ ఈ గతి లేదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిషులో మన విభక్తుల్లాంటి చివర్లుండేవి, మాటలకి అటూఇటూ కదిలే వీలుండేది. రానురాను ఆ చివర్లు నోళ్లలో అరిగిపోయాయి. చివర్లు పోయాక ఎవరు ఎవర్ని కొట్టారో చెప్పడానికి మిగిలింది మాట కూర్చున్న చోటే. 'హి'కి 'హిమ్', 'హూ'కి 'హూమ్' లాంటి నాలుగు పాత ముక్కలు మాత్రం బతికి ఉన్నాయి.

ఈ వరసని చెవి ఎంత చిన్నప్పుడే పడుతుందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. 2008లో ఇటలీలోనూ జపాన్‌లోనూ ఎనిమిది నెలల పసిపాపల మీద చేసిన పరిశోధన ఒకటి వెలువడింది. ఇంకా ఒక్క మాటైనా రాని పిల్లలు వాళ్లు. ఇటాలియన్ ఈ విషయంలో ఇంగ్లిషు లాంటిది, చిన్న చిన్న పొడి మాటలు పేరుకి ముందొస్తాయి. జపనీస్ మన తెలుగు లాంటిది, 'కి', 'లో' లాంటివి పేరు వెనకొస్తాయి. ఏ అర్థమూ లేని కల్పిత మాటల దండ ఒకటి వినిపించారు. అందులో కొన్ని ముక్కలు మాటిమాటికీ వస్తాయి, కొన్ని అరుదుగా వస్తాయి. ఇటలీ పాపలు మాటిమాటికీ వచ్చే ముక్క ముందుండే వరసని మెచ్చారు, జపాన్ పాపలు అది వెనకుండే వరసని మెచ్చారు. మాట అర్థం తెలియకముందే వరస లోపలికి దిగిపోయిందన్నమాట. మన పిల్లలైతే జపాన్ పాపల పక్కన కూర్చునేవాళ్లేనని నా ఊహ.

ఇంకో పరిశోధన నాకు మరీ ఇష్టం. 1999లో ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయంలో ఆల్ట్‌మన్, కమిడే అనే ఇద్దరు చేశారు. తెర మీద ఒక బొమ్మ చూపిస్తారు. ఒక అబ్బాయి, చుట్టూ ఒక కేకు, ఆట రైలు, బంతి లాంటివి. చెవిలో 'ద బాయ్ విల్ ఈట్' అన్న మాట పడుతుంది. కేకు అనే మాట ఇంకా పలకలేదు, అప్పటికే వినేవాళ్ల చూపు కేకు మీదకి వెళ్లిపోయింది. 'ఈట్' బదులు 'మూవ్', అంటే జరుపుతాడు అని వినిపిస్తే, చూపు అలా ఒకదాని మీదకి వెళ్లలేదు. క్రియ వినగానే తర్వాత ఏం రావచ్చో ఇంగ్లిషు చెవి లెక్క కట్టేసింది. సరే, మరి క్రియ చివరుండే భాషవాళ్ల సంగతేమిటి? 2003లో జపాన్‌ వాళ్లతో అదీ చూశారు. 'వెయిట్రెస్, కస్టమర్‌కి' అన్న రెండు మాటలు వినబడేసరికే వాళ్ల చూపు బొమ్మలో ఉన్న తిండి మీదకి వెళ్లింది. క్రియ రాకుండానే, ఆ 'కి' చెప్పింది, ఏదో ఇవ్వబోతోందని. మనం చివరిదాకా ఊరికే ఆగి కూర్చోం. 'కి'లనీ 'ని'లనీ పట్టుకుని ముందే ఊహిస్తూ ఉంటాం. మా అమ్మకి 'భక్తులకు' అనగానే చూపించబోతున్నారని తెలుసు. తెలిసి కూడా ఆగేది, అది వేరే సంగతి.

మన పిల్లవాడికి ఇంగ్లిషు వాక్యం ఎందుకు జారిపోతోందో ఇక్కడ అర్థమవుతుంది. వాడి చెవి 'కి' కోసం, 'ని' కోసం వెతుకుతుంది. అక్కడ అవి లేవు. క్రియ వచ్చి వెళ్లిపోతుంది. అసలు సంగతి ఆఖర్న రావాలి కదా అని వీడు కాచుక్కూర్చుంటే, ఆఖర్న 'యెస్టర్డే' అని ఓ పొల్లు మాట వస్తుంది. వాక్యం అయిపోయింది.

కాబట్టి ఊహించే అలవాటుని పేరు వెనక నుంచి తీసుకొచ్చి క్రియ వెనక పెట్టాలి. అది గళ్లు గీస్తే రాదు. దానికి నాకు దొరికిన మంచి పాఠ్యపుస్తకం గోదావరి.

జులై, ఆగస్టుల్లో ఈ ఒడ్డున ఎవర్ని అడిగినా భద్రాచలం దగ్గర అంకెలు నోటికి చెబుతారు. 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3. పొద్దున తెలుగు వార్తల్లో 'భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరింది' అని విన్న పిల్లవాడు, ఎనిమిదింబావుకి ఇంగ్లిషు వార్తల్లో ఆ ముక్క వస్తే, అర్థం కోసం తడుముకోడు. సంగతి ముందే తెలుసు. చెవికి ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీలో వరస వినబడుతుంది: 'ద గోదావరీ... హాజ్ టచ్డ్... ఫార్టీ త్రీ ఫీట్... ఎట్ భద్రాచలం.' ఎవరు, ఏం చేసింది, ఎంత, ఎక్కడ.

తెలిసిన సంగతినే ఇంగ్లిషులో వినమని నేను ఎప్పుడూ చెప్పేది ఇందుకే. ఎన్.ఎస్. ప్రభు గారు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు బడుల్లో చేసిన ప్రయోగం సారం కూడా దీనికి దగ్గరే. ఆయన పిల్లలకి వ్యాకరణం చెప్పలేదు, రైళ్ల టైంటేబుళ్లూ పటాలూ ఇచ్చి లెక్కలు తేల్చమన్నారు. మనసు పని మీద ఉన్నప్పుడు భాష పక్కదారిన లోపలికొస్తుందని ఆయన నమ్మకం.

మా క్లాసులో చేసింది చెబుతాను. వార్తలో ఒక్క వాక్యం రికార్డు చేసుకునేవాణ్ణి, ఒకటే. మొదటిసారి ఊరికే విననిచ్చేవాణ్ణి. రెండోసారి క్రియ దగ్గర టక్కున ఆపేసేవాణ్ణి. 'ద గోదావరీ హాజ్ క్రాస్డ్...' అంతే. ఏం దాటింది? పిల్లలు పోటీలు పడి చెప్పేవాళ్లు. 'వార్నింగ్ లెవెల్ సార్!' 'బ్రిడ్జి సార్!' ఒకడు 'మా తాత పొలం సార్' అన్నాడు. అదీ ఒప్పే. ఆ క్రియ తర్వాత దాటబడేది రావాలి, వచ్చింది. మూడోసారి పూర్తిగా వినిపించి, గొంతు వెనకాలే గొంతు కలపమనేవాణ్ణి, భజనలో ముందుపాటకి వంత పాడినట్టు. ఆ వంతలో అర్థం ఆలోచించే తీరిక ఉండదు. నోరు వరసకి అలవాటు పడుతుంది. రోజుకి పది నిమిషాలు. వాక్యాలు పెంచాలని నాకు చాలాసార్లు ఆశ పుట్టింది. పెంచినప్పుడల్లా పాడైంది.

ఇందులో ఒక చిక్కుంది. పుస్తకంలో 'వాట్ ఆర్ యు డూయింగ్' అని నాలుగు మాటలు విడివిడిగా కనిపిస్తాయి. మనిషి మాట్లాడితే 'వాటర్య డూయిన్' అని వినబడుతుంది. తెలుగులో ప్రతి అక్షరానికీ కాస్తో కూస్తో చోటిస్తాం. ఇంగ్లిషువాడు బరువైన మాటల్ని నొక్కి, మిగతావాటిని మింగుతాడు. మింగేవేమిటో చూడండి: 'ఆర్', 'ఈజ్', 'టు', 'ఆఫ్', 'ద'. వరసని కట్టి ఉంచే దారమంతా అవే. దారం మింగేస్తే పూసలే చెవిన పడతాయి, పూసల్ని మన పిల్లవాడు తనకి తెలిసిన తెలుగు దారానికి గుచ్చుకుంటాడు. 'వాట్ యు డూయింగ్' అలా పుట్టిందే. అమెరికా రేడియో వాయిస్ ఆఫ్ అమెరికా 1959లోనే దీనికి మందు కనిపెట్టింది. పదిహేను వందల మాటలకి మించకుండా, మామూలు వేగంలో మూడింట రెండొంతుల వేగంతో వార్తలు చదవడం మొదలుపెట్టింది. మొదటి మెట్టుకి బాగుంటుంది. అక్కడే ఉండిపోవద్దంటాను. నెమ్మదిగా చదివితే మాటలు తెలుస్తాయి, మాటలు ఒకదాన్నొకటి ఎలా అంటిపెట్టుకుంటాయో తెలియదు. 'గివిటుయిమ్' అని గబుక్కున విన్నవాడు 'గివ్ ఇట్ టు హిమ్'ని ఒకే ముద్దగా మింగుతాడు. ముద్దలో వరస తప్పే వీల్లేదు.

పొడుగు వాక్యాలు ఇంకా తమాషా. 'నిన్న సంతలో మా అమ్మ కొన్న కోడి.' ఇది ఇంగ్లిషులో 'ద హెన్ మై మదర్ బాట్ ఎట్ ద మార్కెట్ యెస్టర్డే.' మన దగ్గర నిన్నతో మొదలై కోడితో ముగిసింది. అక్కడ కోడితో మొదలై నిన్నతో ముగిసింది. 2022లో మన సర్కారు బడుల్లోకి ఇంగ్లిషు మీడియం వచ్చినప్పుడు పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషుగా అచ్చేశారు. ఆలోచన మంచిదే. ఎదురుబొదురు పేజీలు అద్దంలో బొమ్మల్లా ఉన్నాయి, నిజానికి వాక్యాలు కూడా అద్దంలో బొమ్మల్లాగే తిరగబడి ఉన్నాయి. ఈ పేజీ మొదటి మాటకి ఆ పేజీలో ఎదురుగా ఉన్నది తోక. కంటితో జత కలపబోయే పిల్లవాడు ప్రతి వాక్యంలోనూ కోడిని తోక పట్టి లాగుతాడు. ఆ రెండో పేజీని ఎవరైనా పైకి చదివి వినిపిస్తే ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

మన తెలుగులోనే ఇంగ్లిషుకి ఒక కాలిబాట ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అది నాకు చూపించింది ఒక తగాదా. ఇంటర్వెల్లో ఒక పిల్లవాడు ఏడుస్తూ పరిగెత్తుకొచ్చి, 'కొట్టిండు సార్ వీడు నన్ను!' అన్నాడు. క్రియ చివర ఉండాలని చెప్పే వ్యాకరణం ఆ పిల్లవాడి కోపం ముందు ఎక్కడికి పోయింది? 'వచ్చాడా మీ నాన్న?' 'తిన్నాన్లే అన్నం.' 'పోయిందిగా బస్సు!' నోటి తెలుగు నిండా ఇవే. తొందరగా ఉన్నప్పుడు, కోపంగా ఉన్నప్పుడు, మనమూ క్రియని ముందుకు తోస్తాం. అంతెందుకు, చిన్నప్పట్నుంచీ ఈ రేడియోలో విన్న 'వార్తలు చదువుతున్నది' అన్నది మాత్రం? చదివేవారి పేరు వాక్యం ఆఖర్న వస్తుంది. రాసే తెలుగుకి, మాట్లాడే తెలుగుకి ఈ తేడా ఉంది కాబట్టే నేను వినమంటున్నది మాట్లాడే భాషని. ఆ పిల్లవాణ్ణి ఆపి, కన్నీళ్లు తుడిచి, 'వీడు కొట్టిండు నన్ను' అని చెప్పమన్నాను. చెప్పాడు. అదే వరసలో ఇంగ్లిషు మాటలు పెట్టమన్నాను. 'హి బీట్ మీ సార్.' మొదటిసారి సరిగ్గా వచ్చింది. కొట్టినవాడికి రెండు తగిలించడం నేను మర్చిపోయినందుకు ఆ పిల్లవాడు మాత్రం నన్ను క్షమించలేదు.

ప్రశ్నల దగ్గర ఈ కాలిబాట పనిచేయదు. తెలుగులో ప్రశ్నకి వరస మారదు. 'నువ్వు వెళ్తున్నావు', 'నువ్వు వెళ్తున్నావా', చివర దీర్ఘం తీస్తే చాలు. ఇంగ్లిషులో 'యు ఆర్ గోయింగ్' కాస్తా 'ఆర్ యు గోయింగ్' కావాలి. పాపికొండల లాంచీలు బయల్దేరే పోచవరం రేవులో ఒక కుర్రాడు బయటి దేశంవాళ్లని 'వేర్ ఫ్రమ్ యూ?' అని అడగడం విన్నాను. వాళ్లకి అర్థమైంది, నవ్వి జవాబు చెప్పారు. రెండేళ్ల తర్వాత అదే రేవులో అదే కుర్రాడు 'వేరార్యూ ఫ్రమ్?' అంటున్నాడు. మాట మాటకి అతుక్కుని, అచ్చం వాళ్లలాగే. ఎవరు నేర్పారని అడిగితే, 'వాళ్లే, ఒకళ్లనొకళ్లు అడుక్కుంటుంటే విన్నా' అన్నాడు. వినడమే కాదు, మర్నాడు ఇంకో టూరిస్టు మీద ప్రయోగించి చూశాడు. ఈ రెండో సగం లేకపోతే పని కాదు. కెనడాలో ఇంగ్లిషు పిల్లల్ని ఫ్రెంచి బడుల్లో వేసి ఏళ్ల తరబడి ఫ్రెంచి వినిపించారు. అర్థం చేసుకోవడం బాగా వచ్చింది, మాట్లాడితే తప్పులు మిగిలే ఉన్నాయి. మెరిల్ స్వెయిన్ అనే ఆవిడ 1985లో దీని గురించి రాస్తూ, వాళ్లచేత మాట్లాడించకపోవడమే లోటన్నారు. వింటే చాలు అన్నీ వచ్చేస్తాయనేవాళ్లతో నాకు పేచీ అక్కడే.

ఇంకొక్క సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను. 1986 ఆగస్టులో వరదకి మేం ఇల్లు వదిలి ఎత్తు మీదున్న బంధువుల ఇంట్లో తలదాచుకున్నాం. కరెంటు లేదు. బ్యాటరీ రేడియో ఒక్కటే దిక్కు. తెలుగు వార్తలైపోయాక నేను బ్యాటరీ మిగుల్చుకుందామని కట్టేయబోతే, మా అమ్మ ఒప్పుకునేది కాదు. ఇంగ్లిషు వార్తలూ పెట్టమనేది. ఆమెకి ఇంగ్లిషు ఒక్క ముక్క రాదు. అందులో 'భద్రాచలం' అన్న మాట ఎప్పుడొస్తుందా అని చెవి రేడియోకి ఆనించి కూర్చునేది. రెండు మూడు రోజులు అలా విన్నాక, ఒక రాత్రి తొమ్మిది గంటల వార్తలు అవుతుండగా నా వైపు తిరిగి అంది:

"ఏరా, మన తెలుగాయన ముందు మన ఊరి పేరెత్తి, తర్వాత నీళ్ల సంగతి చెప్తాడు. ఈయనేమిటి, నీళ్లన్నీ వచ్చేశాక ఆఖర్న చెప్తాడు మన ఊరు!"